పురిటి బిల్లులో కనిపించని పద్దు

మనిషిని ఆస్పత్రికి చేర్చే కారణాల్లో కాన్పు అంత ముందుగా తెలిసేది మరొకటి లేదు. గుండెపోటు చెప్పి రాదు. రోడ్డు ప్రమాదం సంగతి సరేసరి. కాన్పు తేదీని మాత్రం రెండో నెలలోనే ఫైలు మీద రాసి ఇస్తారు. ఆ తర్వాత ఏడు నెలల పాటు అదే డాక్టరు, అవే స్కానింగులు, అదే క్యాష్ కౌంటరు. ఇంత వ్యవధి ఉండి కూడా, ఆస్పత్రిలో చేరే రోజున ‘మొత్తం ఎంతవుతుందండీ?’ అని అడిగితే ఇంటివాళ్లకు దొరికే జవాబు ఒకటే: ‘నార్మల్ అయితే ఇంత, ఆపరేషన్ అయితే ఇంత, బిడ్డ సంగతి వేరు.’ ఈ మూడింటిలో చివరిదానికి అంకె ఉండదు. మొదటి రెండింటిలో ఏది వర్తిస్తుందో తేల్చేది డబ్బు పుచ్చుకునే ఆస్పత్రే.

జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017 జులై నుంచి 2018 జూన్ వరకు జరిగింది. కాన్పు కోసం ఆస్పత్రిలో చేరినప్పుడు కుటుంబానికి అయిన సగటు వైద్య ఖర్చును అది లెక్కగట్టింది. ప్రభుత్వాస్పత్రిలో పల్లెల్లో సుమారు రూ.2,400, పట్టణాల్లో రూ.3,100. ప్రైవేటులో పల్లెల్లో రూ.20,800, పట్టణాల్లో రూ.29,100. అంటే దాదాపు తొమ్మిది రెట్లు. ఆ తర్వాత ధరలు ఎక్కడికో పోయాయి. నేడు జిల్లా కేంద్రంలోని నర్సింగ్ హోంలో కొన్ని పదుల వేలతో బయటపడే కాన్పు, హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రిలో లక్ష దాటి, గదిని బట్టి రెండు లక్షల పైకి వెళ్లినా ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. పుట్టే బిడ్డ ఒక్కతే, పుట్టే దారులు రెండే. మరి ఇన్ని ధరలు ఎలా వచ్చాయి?

ముందుగా ప్రభుత్వాస్పత్రి సంగతి. ఆ రూ.2,400 కాన్పు ధర కాదు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం సర్కారీ దవాఖానాలో కాన్పుకు, సిజేరియన్‌కు, మందులకు, రక్తానికి, పరీక్షలకు పైసా తీసుకోకూడదు. సాధారణ కాన్పయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు భోజనం పెట్టాలి. ఇంటి నుంచి తీసుకురావాలి, మళ్లీ ఇంట్లో దింపాలి. అంతకు ముందే 2005లో వచ్చిన జననీ సురక్ష యోజన కింద మన రాష్ట్రాల్లో పేద తల్లికి పల్లెల్లో రూ.700, పట్టణాల్లో రూ.600 చేతికి ఇస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం తెచ్చి మగబిడ్డకు రూ.12,000, ఆడబిడ్డకు రూ.13,000 విడతలవారీగా ప్రకటించింది. నిబంధన ప్రకారం సున్నా కావాల్సిన చోట జేబులోంచి పోతున్నది బయట కొన్న మందులకు, బయట చేయించిన స్కానింగులకు. ఆపైన ఆయాలకు, వార్డుబాయ్‌లకు ఇచ్చే ‘సంతోషం’ ఉంది. ఆ సంతోషానికి బిడ్డ ఆడో మగో చూసి రేటు కట్టే అలవాటు అందరికీ తెలిసిందే. ఆడబిడ్డకు ప్రభుత్వం వెయ్యి ఎక్కువ ప్రకటించిన చోటే, ఆడబిడ్డయితే తక్కువ పుచ్చుకుని సరిపెట్టుకునే వార్డు కూడా ఉంది.

అసలు ఖర్చు మాత్రం బడ్జెట్లో ఉంటుంది. నర్సుల జీతం, మత్తు డాక్టరు జీతం, రాత్రంతా వెలిగే లేబర్ రూమ్ కరెంటు బిల్లు జనం పన్నుల్లోంచి వెళ్తాయి. కాబట్టి సర్కారీ, ప్రైవేటు అంకెలను పక్కపక్కన పెట్టి ‘ఇది చవక, అది ఖరీదు’ అనడం సగం లెక్కే. ప్రైవేటు ఆస్పత్రికీ ప్రైవేటు ఆస్పత్రికీ మధ్య ఉన్న తేడాను విడమరచాలి.

అందులో మొదటిది గది. ప్యాకేజీ కాగితం చూడండి: జనరల్ వార్డు, షేరింగ్, సింగిల్, డీలక్స్, సూట్. గది మారితే అద్దె మారడంలో వింతేమీ లేదు, ఏసీకి, సోఫాకి, తోడువాళ్ల మంచానికి ఖర్చుంటుంది. వింత అంతా ఆ తర్వాతి గడుల్లో ఉంది. గదితో పాటు సర్జన్ ఫీజు పెరుగుతుంది, మత్తు డాక్టరు ఫీజు పెరుగుతుంది, థియేటర్ చార్జీ పెరుగుతుంది. జనరల్ వార్డు నుంచి వచ్చిన ఆమెనూ సూట్ నుంచి వచ్చిన ఆమెనూ పడుకోబెట్టేది ఒకే బల్ల మీద. కోసేది అదే చెయ్యి, కుట్టేది అదే దారం. బిల్లు మాత్రం రోగి పరుపును బట్టి నడుస్తుంది. ఆస్పత్రి యాజమాన్యాలను అడిగితే, సూట్‌లో ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవడం వల్లే జనరల్ వార్డు రేటు తక్కువగా ఉంచగలుగుతున్నాం అంటాయి. అందులో కొంత నిజం ఉంది. కానీ జనరల్ వార్డులో పడకలు నాలుగైదుకు మించకుండా చూసుకుని, చేరే రోజున ‘వార్డు నిండిపోయిందండీ, షేరింగ్ ఉంది’ అనే చోట ఆ వాదన నిలవదు. ఈ మెలిక బీమా దగ్గర ఇంకా బిగుస్తుంది. పాలసీ ఒప్పుకున్న దానికంటే పై గది తీసుకుంటే బీమా సంస్థ గది అద్దె తేడాతో ఆగదు, డాక్టరు ఫీజుల్లోనూ అదే నిష్పత్తిలో కోత పెడుతుంది. 2022 జులై నుంచి రోజుకు రూ.5,000 దాటిన గది మీద 5 శాతం జీఎస్టీ కూడా కలిసింది.

రెండోది ప్యాకేజీలో లేనివి. మందులు, చేతి తొడుగులు, కుట్టు దారాలు, ఒకసారి వాడి పారేసే గుడ్డలు చాలా చోట్ల ‘వాడినదాన్ని బట్టి’ ఉంటాయి. పుట్టిన బిడ్డకు టీకాలు, రక్తం గ్రూపు, కామెర్ల పరీక్ష, వినికిడి పరీక్ష మరో చీటీ. మందులూ సామగ్రీ ఆస్పత్రి లోపలి ఫార్మసీలోనే, ఎమ్మార్పీకే కొనాలి. ఎమ్మార్పీ అంటే చట్టం ఒప్పుకున్న గరిష్ఠ ధర కదా, ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ జాతీయ ఔషధ ధరల సంస్థ 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను పరిశీలించి, కొన్నింటిపై లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. పెద్దఎత్తున కొనే ఆస్పత్రికి నచ్చేలా తయారీదారే ఎమ్మార్పీని పెంచి ముద్రిస్తే, ఆ గరిష్ఠ ధర ఎవరిని కాపాడుతుంది? లోపలి ఫార్మసీలోనే కొనాలన్న ఒత్తిడి మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025లో విధానం రూపొందించే బాధ్యతను రాష్ట్రాలకు వదిలేసింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ పని చేపట్టవచ్చు.

ఈ రెండూ కంటికి కనిపించే పద్దులు. కనిపించని మూడోదే అన్నింటికంటే పెద్దది. దాని పేరు నిరీక్షణ.

తొలి కాన్పులో నొప్పులు మొదలైంది లగాయతు బిడ్డ బయటపడే దాకా ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. నొప్పులు ఊపందుకున్నాక కూడా తొలిచూలు ఆడమనిషికి 12 గంటల దాకా పట్టడం మామూలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకు ముందు దశకు అసలు ప్రామాణిక కాలపరిమితే లేదు. ఆ గంటలన్నీ ఎవరో ఒకరు పక్కనుండాలి. బిడ్డ గుండె చప్పుడు వింటూ, నాడి చూస్తూ, ధైర్యం చెబుతూ, అవసరమైతే ఐదు నిమిషాల్లో థియేటర్‌కు తరలించేలా సిద్ధంగా ఉండాలి. సిజేరియన్ గంటలోపు పని. పైగా ఎప్పుడు పెట్టుకోవాలో మనిష్టం. మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఒంటిగంటకు పెట్టుకోవచ్చు. మత్తు డాక్టరు పక్క ఊరి నుంచి వచ్చి వరుసగా మూడు కేసులు చూసుకుని వెళ్లిపోవచ్చు.

ఒక జిల్లా కేంద్రంలో నర్సింగ్ హోం నడిపే డాక్టరమ్మ ఉన్నారనుకుందాం. ఆవిడే యజమాని, ఆవిడే సర్జన్, రాత్రి రెండింటికి లేచి రావాల్సిందీ ఆవిడే. పగలంతా అరవై మంది ఓపీ. అలాంటి చోట సిజేరియన్‌కు ఇరవై వేలు ఎక్కువ వస్తాయన్నది అసలు విషయమే కాదు. రెండింటికీ ఒకే ధర పెట్టినా ఆవిడ చెయ్యి సిజేరియన్ వైపే మొగ్గుతుంది, ఎందుకంటే సాధారణ కాన్పులో ఆవిడ ఖర్చుపెట్టే పద్నాలుగు గంటలకు బిల్లులో గడి లేదు. డాక్టర్ల డబ్బాశ వల్లే ఆపరేషన్లు అన్న మాట పత్రికల్లో, చట్టసభల్లో విని విని చెవులు చిల్లులు పడ్డాయి. ఆశ లేదని నేనడం లేదు. ఆశను తీసేసినా లెక్క మారదంటున్నాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత అంకెలు ఈ కోణంలోంచి చదవాలి. 2019–21 నాటికి దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ప్రైవేటు ఆస్పత్రుల వరకే చూస్తే తెలంగాణలో 81.5, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. కరీంనగర్ జిల్లా మొత్తం మీద 80 దాటింది. అదే రాష్ట్రంలో కుమురం భీం ఆసిఫాబాద్‌లో 30లోపే. ఈ రెండు జిల్లాల ఆడవాళ్ల కటి ఎముకల్లో అంత తేడా ఉండదు. ఆసిఫాబాద్‌లో కొందరికి అవసరమైన ఆపరేషన్ అందడం లేదన్నది కూడా ఆ అంకెలో దాగి ఉండవచ్చు. అయినా మిగతా తేడా అంతా నర్సింగ్ హోంల సంఖ్య చెప్పే కథే.

జనాభా స్థాయిలో 10 శాతం దాటిన సిజేరియన్లతో తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అదే ప్రకటనలో, ఒక అంకెను పట్టుకుని వేలాడకుండా అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందేలా చూడమనీ చెప్పింది. ఈ రెండో మాటను మన కలెక్టర్ల సమీక్షల్లో తరచూ మరిచిపోతారు.

కథ ఇంత సులువుగా ప్రైవేటు మీదికి నెట్టేసేదైతే బాగుండేది. తెలంగాణ ప్రభుత్వాస్పత్రుల్లోనే సిజేరియన్లు 44.5 శాతం. అక్కడ డాక్టరుకు రోగి నుంచి ఆపరేషన్ ఫీజు ఏమీ రాదు. కేసీఆర్ కిట్ వచ్చాక ప్రభుత్వాస్పత్రుల కాన్పుల వాటా 30 శాతం దగ్గర నుంచి దాదాపు 50 శాతానికి ఎగబాకింది. అది నిజంగా పెద్ద విజయం, కుటుంబాల జేబుకు ఊరట. అయినా రాష్ట్రం మొత్తం సిజేరియన్ల శాతం 58 దరి నుంచి 61 దరికి చేరిందే తప్ప తగ్గలేదు. ప్రైవేటులోనూ పెరిగింది, సర్కారులోనూ పెరిగింది. సర్కారు డాక్టరుకూ రాత్రి ఉంటుంది. రాత్రి పూట మత్తు డాక్టరు ఉంటారో లేదో తెలియని ఏరియా ఆస్పత్రిలో, సాయంత్రం ఆరింటికి నొప్పులు మందగించిన తొలిచూలు ఆమెను చూస్తూ కూచోవడం కంటే మత్తు డాక్టరు ఉండగానే పని ముగించడం క్షేమం అనిపిస్తుంది. అక్కడ కూడా కొరత నిరీక్షణదే, అంటే నిరీక్షించగల సిబ్బందిది.

దాని మీద భయం ఒకటి. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో కాన్పు తర్వాత రక్తస్రావమై ఒక తల్లి చనిపోతే, వైద్యం చేసిన డాక్టరు మీద హత్య కేసు పెట్టారు. ఆవిడ ఆత్మహత్య చేసుకున్నారు. ఆ వార్త చదవని స్త్రీవైద్య నిపుణులు మన రాష్ట్రాల్లో ఉండరు. ‘ఆపరేషన్ చేయలేదేం?’ అని కేసులు పడతాయి. ‘ఎందుకు చేశారు?’ అని పడిన కేసు ఎవరికైనా గుర్తుందా? డాక్టరుకు ఆపరేషన్ కవచంలా పనిచేస్తోంది.

పైగా మొదటి ఆపరేషన్ రెండోదానికి అడ్వాన్సు. ఒకసారి పెద్దాపరేషన్ అయిన ఆమెకు మలికాన్పు సహజంగా జరగొచ్చు, కానీ దానికి ఏ నిమిషంలోనైనా థియేటర్ తెరవగల ఆస్పత్రి కావాలి. చిన్న నర్సింగ్ హోం ఆ బాధ్యత తీసుకోదు. కాబట్టి తొలి కాన్పు బిల్లు ఆ ఇంటికి అక్కడితో తీరేది కాదు. మలికాన్పు ధరను కూడా అదే నిర్ణయించేసింది.

ఈ ధరల్లో మన ఇళ్ల పాత్ర తక్కువేం కాదు. తొలి పురుడు పుట్టింట పోసుకోవడం మన ఆచారం. డబ్బు పెట్టేది అమ్మాయి తండ్రి, మాట చెల్లేది అల్లుడి వైపు. ‘మంచి ఆస్పత్రిలోనే చూపిస్తున్నారు కదా బావగారూ?’ అని వియ్యంకుడు ఫోన్‌లో అడిగాక, ఏ తండ్రి కౌంటరు దగ్గర నిలబడి షేరింగ్ గదికీ సింగిల్ గదికీ తేడా ఎంతని బేరమాడతాడు? ఎనిమిది నెలలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చూపించుకున్న అమ్మాయిని సీమంతం అయ్యాక గుంటూరుకో నిజామాబాద్‌కో తీసుకొస్తారు. అక్కడి డాక్టరు ఆ ఫైలును కొత్తగా చూస్తారు. పాత స్కానింగ్ నమ్మకుండా మళ్లీ తీయిస్తారు. తెలియని కేసు కాబట్టి సాహసానికి పోరు. అప్పుడు వినబడేవి మనకు కంఠతా వచ్చిన వాక్యాలే: ఉమ్మనీరు తగ్గింది, బొడ్డుతాడు మెడకు చుట్టుకుంది, బిడ్డ తల దిగలేదు. బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో కనిపించేదే. ఎక్కువ సార్లు దానివల్ల ఏ హానీ ఉండదు. కానీ స్కాన్ రిపోర్టులో ఆ మాట చదివిన అమ్మమ్మ ముందు ఈ సంగతి ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు?

పల్లెల నుంచి వచ్చే కేసుల్లో మరో పద్దు దాగి ఉంటుంది. తీసుకొచ్చిన ఆర్‌ఎంపీకి, కొన్ని చోట్ల ఆటో డ్రైవరుకు కూడా కమీషన్. భారత వైద్య మండలి 2002 నియమావళి డాక్టర్లు కమీషన్ ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ నిషేధించింది. ఆ కమీషన్ ఏ రసీదులోనూ ఉండదు, అందుకే ఏ తనిఖీలోనూ దొరకదు. కేసు కోసం ముందే డబ్బు ఇచ్చిన ఆస్పత్రి ఆ డబ్బును ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా.

ఇక ముహూర్తాలు. పంతులుగారు రాసిచ్చిన చీటీతో వచ్చి ఫలానా తేదీ ఉదయం పదింపావుకే బిడ్డను తీయమనే కుటుంబాల గురించి డాక్టర్లు వాపోతుంటారు. వాపోతూనే తీస్తారు. దీని ఖర్చు థియేటర్లో కాదు, పక్క గదిలో తేలుతుంది. 39 వారాలు నిండక ముందు, నొప్పులు రాకుండానే ఆపరేషన్‌తో తీసిన బిడ్డలకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. ‘రెండు రోజులు బాక్సులో పెట్టాలి’ అంటారు. ఎన్‌ఐసీయూ మీటరు రోజువారీ తిరుగుతుంది: పడక, వార్మర్, ఆక్సిజన్, పిల్లల డాక్టరు విజిటు, రక్తపరీక్షలు. నాలుగు రోజులు దాటితే తల్లి బిల్లును బిడ్డ బిల్లు మించిపోవచ్చు. ప్యాకేజీ ధర చూసి ఆస్పత్రిని ఎంచుకున్నవాళ్లు ఎన్‌ఐసీయూ రోజు రేటు అడగరు. అడగాలని తోచదు, అపశకునం అనిపిస్తుంది. పెద్ద జిల్లా ఆస్పత్రుల్లోని నవజాత శిశు విభాగాల్లో ఇదే వైద్యం ఉచితం. కానీ ప్రైవేటులో పుట్టిన బిడ్డను అర్ధరాత్రి అక్కడికి తరలించాలని ఎవరికీ అనిపించదు, అప్పటికే అడ్వాన్సు కట్టేశారు.

బీమా ఈ చిత్రాన్ని సరిచేస్తుందనుకుంటే పొరపాటు. విడిగా కొనే పాలసీల్లో కాన్పుకు తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉంటుంది. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో మొదటి రోజు నుంచే ఉండొచ్చు గానీ నార్మల్‌కు ఇంత, సిజేరియన్‌కు ఇంత అని పరిమితి ఉంటుంది. ఆస్పత్రి ముందుగా అడిగేది ఆ పరిమితి ఎంతనే. బిల్లు ఆ గీత కిందికి దిగడం నేనైతే అరుదుగా విన్నాను.

సముద్రం దాటిన తెలుగువాళ్లకు మరో రకం వింత ఎదురవుతుంది. అమెరికాలో పెద్ద కంపెనీల బీమా ఉన్నవాళ్ల మీద పీటర్సన్–కేఎఫ్‌ఎఫ్ చేసిన లెక్క ప్రకారం 2018–20 మధ్య గర్భం నుంచి పురిటి తర్వాతి వైద్యం దాకా సగటు ఖర్చు 18,865 డాలర్లు, అందులో కుటుంబం జేబులోంచి పోయింది 2,854 డాలర్లు. సిజేరియన్ అయితే మొత్తం 26,280 డాలర్లు, సాధారణ కాన్పయితే 14,768. అక్కడ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కాన్పయిన అమ్మాయికి బిల్లు ఒకటి రాదు: ఆస్పత్రిది వేరు, డాక్టరుది వేరు, మత్తు డాక్టరుది నెల తర్వాత వేరు, ‘ఇది బిల్లు కాదు’ అని ముద్రించిన బీమా కాగితం వేరు. ఒకే ఆస్పత్రి ఒకే సిజేరియన్‌కు ఒక్కో బీమా సంస్థ దగ్గర ఒక్కో ధర తీసుకుంటుంది. 2021 జనవరి 1 నుంచి ఆ ధరలన్నీ బయటపెట్టాలని నిబంధన వచ్చింది. ఫైళ్లు బయటపడ్డాయి, అవి కంప్యూటర్లు చదువుకోవడానికి పనికొచ్చేంత పెద్దవి. గర్భిణి చదివి ఆస్పత్రిని ఎంచుకునే రూపంలో అవి లేవు.

మన దగ్గర 2010 నాటి వైద్య సంస్థల చట్టం, దాని కింద 2012లో వచ్చిన నియమాలు రెండు మాటలు చెప్పాయి. ధరలను స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. కేంద్రం రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించిన హద్దుల్లోనే వసూలు చేయాలి. రెండో మాట పన్నెండేళ్లు కాగితం మీదే ఉండిపోయింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసి, మీరు తేల్చకపోతే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం ధరలను తాత్కాలికంగా వర్తింపజేయడం పరిశీలిస్తామని హెచ్చరించింది. తెలంగాణ ఆ కేంద్ర చట్టాన్ని అమల్లోకి తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది. రిసెప్షన్ గోడ మీద తెలుగులో రాసిన కాన్పు ధరల పట్టిక ఎన్ని ఆస్పత్రుల్లో చూశారో పాఠకులే చెప్పాలి.

ధరకు పైకప్పు వేస్తే చాలదన్నది నా అభిప్రాయం. సిజేరియన్‌కు గరిష్ఠ ధర యాభై వేలు అని రేపు జీవో ఇస్తే ఆస్పత్రులు యాభై వేలకు సిజేరియన్లు చేస్తాయి, ఫార్మసీ బిల్లు పెరుగుతుంది, నార్మల్ కాన్పుల శాతం అక్కడే ఉంటుంది. ఏ దారిలో పుట్టినా డాక్టరుకు ఒకే మొత్తం ఇస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. గుజరాత్ ప్రభుత్వం 2005 డిసెంబరులో ఐదు జిల్లాల్లో చిరంజీవి పథకం మొదలుపెట్టింది. ప్రైవేటు స్త్రీవైద్యులు వంద మంది పేద స్త్రీలకు కాన్పు చేస్తే గంపగుత్తగా రూ.1,79,500. ఆ వందలో ఏడు సిజేరియన్లు ఉంటాయని అంచనా వేసి లెక్క కట్టారు. ఒక్కో కాన్పుకు రూ.1,795 పడింది. దేశవిదేశాల్లో మెప్పు వచ్చింది. తర్వాత చూస్తే, ఆపరేషన్ పడేలా ఉన్న కేసులను చాలామంది డాక్టర్లు తీసుకోకుండా సర్కారు ఆస్పత్రికి పంపేశారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయిన అధ్యయనం ఆస్పత్రి కాన్పులు పెరగడంలో గానీ, కుటుంబాల ఖర్చు తగ్గడంలో గానీ పథకం ప్రభావం చెప్పుకోదగ్గదిగా కనిపించలేదంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2009లో పేదల బీమా కింద చిక్కుల్లేని కాన్పులకు ఇలాగే ఒకే రేటు పెట్టింది. అక్కడ సిజేరియన్లు కొంత తగ్గాయి. తేడా ఎక్కడుంది? చిక్కుల్లేని కాన్పులను విడదీసి వాటికే ఒకే రేటు పెట్టారు కాబట్టి, కష్టమైన కేసును వదిలించుకోవాల్సిన అవసరం డాక్టరుకు తక్కువ. గుజరాత్‌లో ఆ విభజన లేదు, పైగా రేటు మరీ బిగుతు.

అంతకంటే సూటి దారి, నిరీక్షించే మనిషికి జీతం ఇవ్వడం. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సాయంతో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కోతలు మరీ ఎక్కువగా ఉన్న చోటే అది మొదలవడం బాగుంది. కేంద్రం 2018 డిసెంబరులో దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. రాత్రంతా పక్కన కూచోగల, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలిసిన మిడ్‌వైఫ్ ఉంటే డాక్టరు పద్నాలుగు గంటలు మేలుకోనక్కర్లేదు. 2022లో తెలంగాణ ప్రభుత్వం తన ఆస్పత్రుల్లో ఒక్కో సాధారణ కాన్పుకు సిబ్బందికి రూ.3,000 ప్రోత్సాహకం ప్రకటించడంలోనూ ఇదే ఆలోచన సగం ఉంది. సగమే ఎందుకంటే, ఫలితానికి డబ్బిస్తే అవసరమైన ఆపరేషన్‌ను ఆలస్యం చేసే ప్రమాదం ఉంటుంది. గంటలకు డబ్బిస్తే ఉండదు. బీమా సంస్థలు, ప్రైవేటు ప్యాకేజీలు ‘లేబర్ పర్యవేక్షణ, గంటకు ఇంత’ అన్న పద్దును బిల్లులో విడిగా చూపిస్తే, అందులో సిజేరియన్ ధర కంటే సాధారణ కాన్పు ధర ఎక్కువైనా అభ్యంతరం ఉండకూడదు. మనకు మాత్రం ఆ మాట వినడానికే విడ్డూరంగా ఉంటుంది.

ఎవరి దగ్గర ఎన్ని ఆపరేషన్లవుతున్నాయో గర్భిణికి తెలియడం ఇంకా చవకైన పని. ఆస్పత్రులవారీ లెక్కలు పెడితే కష్టమైన కేసులు తీసుకునే హైదరాబాద్ పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి లాంటి పెద్దాస్పత్రులు చెడ్డగా కనిపిస్తాయని నిపుణులు అభ్యంతరం చెబుతారు. నిజమే, అందుకే తొలిచూలువీ, 37 వారాలు నిండినవీ విడదీసి చూపించాలి. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, కొత్త కమిటీ అక్కర్లేదు. జనన మరణాల నమోదు చట్టం కింద ప్రతి ఆస్పత్రీ ప్రతి పుట్టుకనూ 21 రోజుల్లో రిజిస్ట్రారుకు తెలపాలి. ఆ ఫారం గణాంక భాగంలో కాన్పు ఎలా జరిగింది, ఎన్ని వారాలకు జరిగింది, బిడ్డ బరువెంత, తల్లికి ఇది ఎన్నో బిడ్డ అన్న గడులు ఇప్పటికే ఉన్నాయి. ఆస్పత్రి గుమాస్తా వాటిని నింపుతూనే ఉన్నాడు, పురపాలక కార్యాలయంలో అవి పోగుపడుతూనే ఉన్నాయి. ఏ ఆస్పత్రిలో ఎన్ని అని ప్రతి మూడు నెలలకూ ఒక పట్టిక వేసి బయటపెట్టమని జిల్లా కలెక్టరు ఆదేశిస్తే సరిపోతుంది. కరీంనగర్‌తో మొదలుపెట్టవచ్చు.